పచ్చబడ్డ నీళ్లు చెప్పే కథ



ఈ వారం మీతో పాకురు గురించి ముచ్చటించాలని వచ్చినాను. నవ్వకండి. బావిగట్టు మీద కాలు జారించేది పాకురు. చెరువులో జుట్టులాగ సాగి తేలేది నాచు. గోలెం అడుగున జిగటగా పట్టేది పాచి. శాస్త్రం చదువుకున్నవారు వీటన్నిటినీ కలిపి శైవలాలు అంటారు. మనం పీచు పెట్టి తోమి పారబోసే ఈ పదార్థానికి చరిత్ర ఏముంటుందమ్మా అని మీరు అడగవచ్చు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. ఒక ఎండకాలం మా ఇంట్లో జరిగిన చిన్న సంగతితో నా అభిప్రాయం మారింది.

ఆ రోజు ఇంటికి చుట్టాలు వచ్చినారు. పొద్దున పట్టిన నల్లా నీళ్లతో చాయ పెట్టినాను. మా ఆడబిడ్డ ఒక గుక్క తాగి, "వదినా, చాయలో మట్టి పడ్డదా?" అని అడిగింది. నాకు తల తీసేసినట్టయింది. బిందెలో చూస్తే నీళ్లు తేటగానే ఉన్నవి. మళ్లీ గుడ్డతో వడగట్టి, సలసల మరిగేదాకా కాచి, చల్లార్చి వాసన చూసినాను. తొలకరి వాన పడ్డప్పుడు నేలలోంచి వచ్చే వాసన, కొంచెం కూడా తగ్గకుండా అట్లాగే ఉన్నది. పక్కింటి అక్క పటిక తిప్పి చూసింది. ఆమెకూ అదే అనుభవం. పదిహేను రోజులకు వాసన తనంతట తానే పోయింది. "ఎండకాలం నీళ్లు అంతేలే" అని అందరం ఊరుకున్నాము.

కాని నాకు మనసులో ఒక ముల్లు మిగిలింది. కాచితే పోని వాసన ఏమిటి? మన బిందె, మన గోలెం శుభ్రంగానే ఉండగా అది మన ఇంట్లోకి ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని కొంత చదివినాను, తెలిసినవారిని అడిగినాను. వెతుకుతూ పోతే ఆ కథ మన మానేరు నుంచి ఆస్ట్రేలియా దాకా, అమెరికా దాకా పోయింది. అదే ఈ రోజు మీకు చెబుతాను.

బావి నుంచి నల్లా దాకా

మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల్లో పాతకాలపు ఆడవాళ్లకు నీళ్లంటే కళ్లతో చూసి తెచ్చుకునే వస్తువు. ఊటబావి ఏది, ఉప్పుబావి ఏది, ఏ చెరువు నీళ్లు పప్పుకు మంచివి, ఏవి బట్టలకే పనికివస్తవి, అన్నీ వారికి తెలుసు. మా అమ్మమ్మ జగిత్యాల వైపు పల్లెలో పుట్టి పెరిగింది. నీళ్లకు పోయినప్పుడు బిందె మూతికి రెండు మడతల గుడ్డ కట్టనిదే నీళ్లు పోయనిచ్చేది కాదు. "గుడ్డ మరువకు బిడ్డా, నారి పట్టుకుంటది" అనేది.

నారికురుపు ఈ కాలపు పిల్లలకు తెలియని జబ్బు. దిగుడుబావుల నీళ్లలో కంటికి ఆనీ ఆనని చిన్న నీటిపురుగు ఉంటుంది. దాని కడుపులో నారిపురుగు పిల్లలు ఉంటవి. ఆ నీళ్లు తాగినవారి ఒంట్లో పురుగు పెరిగి, ఏడాది నాటికి మూరెడు, రెండు మూరల దారంలాగ కాలిలోంచి బయటికి వచ్చేది. దీనిని నిర్మూలించడానికి మన దేశంలో 1983లో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టినారు. మన రాష్ట్రం కూడా అప్పుడు ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉన్నది. దేశంలో చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించినాడు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ జబ్బు నుంచి విముక్తి కలిగిందని ధ్రువపత్రం ఇచ్చింది. ఏ టీకా లేదు, ఏ గొప్ప మందూ లేదు. దిగుడుబావుల బదులు బోరింగులు, నీళ్లలో కలిపే మందు, బిందె మూతికి గుడ్డ. ఆ గుడ్డ కట్టింది ఆడవాళ్లు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

బురద నీళ్లకు చిల్లగింజ ఉండేది. కొందరు ఇండుప గింజ అంటారు. దానిని కుండ లోపల అరగదీస్తే మట్టి అడుగుకు దిగేది. సుశ్రుతుని వైద్యగ్రంథంలో నీటిని తేటపరచే వస్తువుల్లో ఈ గింజ పేరు ఉన్నది. ఈనాటి వాటర్‌వర్క్సులో పటిక వేసేది కూడా ఆ పనికే.

తరువాత రోజులు మారినవి. 1963 జూలై 26న పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రధాని నెహ్రూ పునాదిరాయి వేసినారు. అదే తరువాత శ్రీరాంసాగర్ అయినది. కరీంనగర్ పక్కనే మానేరు మీద దిగువ మానేరు ఆనకట్ట పని 1974లో మొదలై 1985కు ముగిసింది. దానిలో 24 టి.యం.సి.ల నీళ్లు పడతవి. ఒక టి.యం.సి. అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు అనుకోండి. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర ఈ జలాశయంలోకి వస్తుంది. ఆదిలాబాదు పట్టణానికి ఎన్నో ఏళ్లు మావల చెరువు తాగునీరు ఇచ్చింది. కడెం, ఎల్లంపల్లి, కొమురం భీం జలాశయాలు తరువాత తాగునీటికి అక్కరకు వచ్చినవి. 2016లో మిషన్ భగీరథ మొదలైన తరువాత బావి మొహం చూడని ఊళ్లకు కూడా ఈ జలాశయాల నీళ్లే నల్లాల్లో వస్తున్నవి.

నడుము విరిగేటట్టు నీళ్లు మోసిన తల్లుల బిడ్డలం మనం. నల్లా వచ్చినందుకు ఎంత సంతోషించినా తక్కువే. అయితే నల్లాతో పాటు ఒకటి పోయింది. నీళ్లు ఎక్కడివో, ఎట్లున్నవో వెళ్లి చూసే అలవాటు పోయింది.

పొలంలో చుట్టం, చెరువులో చుట్టమా?

ఇక పాకురు సంగతికి వద్దాము. ఇది స్వభావంగా చెడ్డది కాదు. సూర్యరశ్మి, నీరు, గాలి, కొంచెం ఎరువు దొరికితే తన అన్నం తాను వండుకునే మొక్కలాంటి ప్రాణి. నీళ్లలోని చేపలకు పీల్చడానికి గాలిని, తినడానికి తిండిని ఇస్తుంది. వీటిలో నీలి ఆకుపచ్చవని ఒక జాతి ఉన్నది. ఇవి భూమి మీద అతి పాత ప్రాణులలో చేరినవి. మన దేశపు శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో ఒక సంగతి బయటపెట్టినారు. వరిమడిలో ఈ నీలి ఆకుపచ్చ పాకురే గాలిలోని నత్రజనిని పట్టి పంటకు ఎరువుగా అందిస్తుందట. అంటే మన కరీంనగర్ వరిపొలాల్లో ఇది జీతం లేని పాలేరు.

మరి తాగునీటి చెరువులోకి వస్తే పేచీ ఏమిటి? మితంగా ఉంటే పేచీ లేదు. ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా మన ఎండలు మీకు తెలుసు. జలాశయంలో నీళ్లు తగ్గుతవి, కదలిక ఉండదు, పైనీరు గోరువెచ్చగా, అడుగు నీరు చల్లగా రెండు పొరలుగా విడిపోతవి. అడుగు పొరకు గాలి అందదు. గాలి అందని బురదలోంచి అందులో దాగిన భాస్వరం నీటిలోకి ఊరుతుంది. నీలి ఆకుపచ్చ పాకురుకు ఒంట్లో గాలి తిత్తులు ఉంటవి. అది పైకి తేలి ఎండ కాగుతుంది, అవసరమైతే కిందికి దిగి ఎరువు తింటుంది. ఇంత వసతి దొరికితే ఊరుకుంటుందా? కొద్ది రోజుల్లోనే నీళ్ల మీద పచ్చరంగు డబ్బా ఒలికినట్టు పరచుకుంటుంది.

మా చాయలో వచ్చిన మట్టి వాసన కూడా చాలాసార్లు దీని పనే. ఆ పదార్థాన్ని 1965లో గెర్బర్, లెషెవాలియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పట్టుకుని జియోస్మిన్ అని పేరు పెట్టినారు. గ్రీకు భాషలో భూమి వాసన అని అర్థం. లీటరు నీళ్లలో గ్రాములో పదికోట్లవ వంతు ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. అది హాని చేసే పదార్థం కాదు. తొలకరి వాసనా అదే గదా. కాని ఎక్కడో చెరువు పచ్చబడుతున్నదని మనకు అందే మొదటి కబురు అదే కావచ్చు.

ఆస్ట్రేలియా గొర్రెలు, అమెరికా మైలుతుత్తం

పచ్చబడిన నీళ్లలో విషం కూడా ఉండవచ్చునని ప్రపంచానికి మొదట స్పష్టంగా చెప్పిన వ్యక్తి జార్జి ఫ్రాన్సిస్. ఆయన దక్షిణ ఆస్ట్రేలియాలో ఉండేవాడు. అక్కడ అలెగ్జాండ్రీనా అనే సరస్సు పచ్చని రంగుముద్దలాగ మారింది. ఆ నీళ్లు తాగిన గొర్రెలు, గుర్రాలు, కుక్కలు, పందులు గంటల్లో చచ్చిపోయినవి. ఆయన ఆ సంగతి 1878లో ఒక విజ్ఞాన పత్రికకు రాసినాడు. అన్ని పాకురులూ విషం చేయవు. చేసేవి కూడా ఎల్లప్పుడూ చేయవు. కంటితో చూసి చెప్పడం కుదరదు. అదే చిక్కు.

ఆ కాలంలో నగరాలకు వచ్చిన బాధ వేరు. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు ఇసుక పడకల గుండా నది నీటిని మెల్లగా వడకట్టే పద్ధతి పెట్టినాడు. కలరా రోజుల్లో ఇసుక పడకల విలువ లోకానికి తెలిసింది. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరం ఎల్బే నది నీళ్లు వడకట్టకుండా తాగి కలరాతో ఎనిమిది వేలమందికి పైగా ప్రజలను పోగొట్టుకున్నది. దానికి ఆనుకుని ఉన్న ఆల్టోనా అదే నది నీళ్లు ఇసుకలో వడకట్టి తాగి చాలావరకు బయటపడ్డది. కాని ఎండకాలంలో పాకురు పెరిగి ఆ ఇసుక పడకలను మూసివేసేది. నీళ్లు దిగేవి కావు. దిగిన నీళ్లు కంపు కొట్టేవి.

అప్పుడు అమెరికాలో వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు 1904లో ఒక ఉపాయం ప్రకటించినారు. అదే మైలుతుత్తం. మన ఇళ్లలో గోడలకు వేసే సున్నంలో పురుగు పట్టకుండా కలిపే ఆ నీలపు పలుకులే. వాటిని గోనెసంచిలో కట్టి, పడవ వెనుక తాడుతో జలాశయమంతా ఈడ్చినారు. నీళ్లలో కరిగిన రాగి అతి కొద్ది మోతాదులోనే పాకురును చంపింది. రెండు మూడు రోజుల్లో నీళ్లు తేటపడ్డవి. ఖర్చు తక్కువ, ఫలితం కళ్ల ముందు కనపడుతుంది. ఇంకేం కావాలి? లోకమంతటా ఇంజనీర్లు ఈ మందునే నమ్ముకున్నారు. ఈనాటికీ వాడుతూనే ఉన్నారు.

ఈ మందు వెనుక ఉన్న ప్రమాదం డెబ్బై అయిదు ఏళ్ల తరువాత ఒక చిన్న దీవిలో బయటపడింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన పామ్ ఐలండ్ ఉన్నది. అక్కడి ఆదివాసీలు తాగేది సాలమన్ డ్యామ్ నీళ్లు. 1979లో నీళ్లు రుచి మారినవి, వాసన వస్తున్నవని ప్రజలు చెప్పుకున్నారు. అధికారులు మంచి ఉద్దేశంతోనే మైలుతుత్తం వేసినారు. కొద్ది రోజులకే పిల్లలకు వాంతులు, కాలేయం వాపు, రక్త విరేచనాలు పట్టుకున్నవి. మొత్తం 148 మంది జబ్బుపడ్డారు. అందులో 138 మంది పిల్లలే. మొదట అది ఏ జబ్బో వైద్యులకు అంతుపట్టలేదు. తరువాత పరిశోధించి చూస్తే తేలిన సంగతి ఇది. డ్యామ్‌లోని నీలి ఆకుపచ్చ పాకురు తన కణంలో విషం దాచుకున్నది. బతికి ఉన్నంతసేపు చాలా విషం దాని ఒంట్లోనే ఉంటుంది. రాగి తగిలి అది ఒక్కసారిగా పగిలితే దాచుకున్న విషమంతా నీళ్లలో కలిసింది. నీళ్లు చూడటానికి తేటపడ్డవి. తాగడానికి చెడిపోయినవి.

మనం సాంబారులో మిరపకాయ పగలకుండా వేసి తీసేయడానికి, చిదిపి కలపడానికి ఎంత తేడా ఉన్నదో ఆలోచించండి. దీనికీ అంతే తేడా. అందుకనే ఇప్పుడు తెలిసిన ఇంజనీర్లు పాకురు బాగా ముదిరిన తరువాత మందు కొట్టరు. మొదట్లోనే నీటిని పరీక్షించి, మొలక దశలో పట్టుకోవాలని చూస్తారు. లేదా పాకురును పగలనివ్వకుండా పటికతో ముద్దకట్టించి అడుగుకు దింపి, వడకట్టి తీసేస్తారు. వాసనకు, విషానికి మెత్తని బొగ్గుపొడి కలిపి పట్టిస్తారు. నీళ్లు తీసుకునే బురుజుకు వేరువేరు లోతుల్లో తలుపులు పెట్టి, పాకురు లేని పొర నుంచి నీళ్లు లాగుతారు. అడుగు నీళ్లకు గాలి పట్టించి పొరలు కలుపుతారు.

కాచితే సరిపోదా?

ఇది మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. బాలింతకు కాచిన నీళ్లు, పసిబిడ్డకు కాచిన నీళ్లు, జ్వరం వస్తే కాచిన నీళ్లు. తరతరాలుగా మన చేతిలో ఉన్న అస్త్రం అది. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములకు అది తిరుగులేని అస్త్రమే. దానిని ఎవరూ మానకూడదు.

అయితే పాకురు విషం క్రిమి కాదు. అది ఒక రసాయనం. కాచితే చావదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో నగరంలో ఇదే జరిగింది. ఆ ఊరికి నీళ్లు ఈరీ అనే మహాసరస్సు నుంచి వస్తవి. సరస్సు పచ్చబడి, నల్లా నీళ్లలోకి విషం వచ్చిందని తేలింది. నాలుగు లక్షలకు పైగా జనానికి అధికారులు చెప్పినది ఏమిటంటే నల్లా నీళ్లు తాగవద్దు, కాచి కూడా తాగవద్దు అని. అంత సంపన్న దేశంలో తల్లులు పసిపిల్లల పాలకోసం సీసా నీళ్లకై దుకాణాల ముందు వరుసలు కట్టినారు. రెండు మూడు రోజులకు గండం గడిచింది. అంతకు ముందు 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఇంకా ఘోరం జరిగింది. మూత్రపిండాల రోగుల రక్తం శుద్ధిచేసే ఆస్పత్రికి సరిగా శుద్ధికాని జలాశయపు నీళ్లు వచ్చి, ఈ విషం నేరుగా రక్తంలో చేరి యాభై మందికి పైగా చనిపోయినారు. ఆ తరువాత 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషాలలో ఒకదానికి లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షల వంతు, అని హద్దు సూచించింది.

ఇదంతా చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మానేరు నీళ్లలోనో గోదావరి నీళ్లలోనో విషం ఉన్నదని నేను అనడం లేదు. వాసన వచ్చినంత మాత్రాన విషం ఉన్నట్టూ కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ ఒక్క విషయంలో మన వంటింటి పొయ్యి మనలను కాపాడలేదు. చెరువు దగ్గర కాపాడవలసిన దానిని బిందె దగ్గర కాపాడలేము.

తెరకట్టిన చెరువు

మరి చెరువు ఎందుకు పచ్చబడుతుంది? దీనికి అసలు కారణం ఏదని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు వాదించుకున్నారు. కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే ఆయన బృందం 1973లో ఆ వాదం తీర్చింది. అడవిలోని ఒక చిన్న సరస్సును నడుమ తెరకట్టి రెండుగా చేసినారు. రెండు వైపులా నత్రజని, చక్కెర వంటి కర్బన పదార్థం వేసినారు. ఒక వైపు మాత్రం అదనంగా భాస్వరం వేసినారు. భాస్వరం వేసిన సగం పచ్చగా మారింది. రెండవ సగం ఎప్పటిలాగే ఉన్నది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో లోకమంతా చూసింది. ఒకే చెరువు, ఒకే ఎండ, ఒకే గాలి. తేడా మనం వేసిన దానిలోనే.

ఈ భాస్వరం ఎక్కడిది? మూడు దారుల్లో వస్తుంది. ఒకటి పొలాల్లో చల్లే ఎరువు. డి.ఏ.పి. సంచిలో ఉన్నది నత్రజని, భాస్వరాలే. మోతాదు మించితే మిగిలినది వానకు మట్టితో సహా కొట్టుకుపోతుంది. రెండు మోరీ నీళ్లు, మనుషుల మలమూత్రాలు. మూడవది మన చేతిలోదే. కుంకుడుకాయ, శీకాయ, చౌడు మట్టి పోయి, 1959లో సర్ఫ్, 1969లో నిర్మా మొదలుకొని బట్టల పౌడర్లు వచ్చినవి. పౌడర్లు అన్నీ ఒకటి కావు గాని, కొన్నిటిలో భాస్వర లవణాలు కలుపుతారు. నురుగు మోరీలోకి పోయి మనకు కనపడకుండా పోవచ్చు. చెరువుకు కనపడుతుంది.

మన గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, నాందేడ్ మీదుగా వచ్చి, కందకుర్తి దగ్గర తెలంగాణలో ప్రవేశించి, బాసర దాటి శ్రీరాంసాగర్‌లో నిలుస్తుంది. అక్కడి నుంచి కాలువలో మానేరుకు వస్తుంది. దారిలో ఎన్ని ఊళ్ల మోరీలు, ఎన్ని లక్షల ఎకరాల పొలాలు ఉన్నవో లెక్కవేసుకోండి. నీటితో పాటు మట్టి కూడా వస్తుంది. కట్టిన నాడు 112 టి.యం.సి.లు పట్టే శ్రీరాంసాగర్, 1994 సర్వే నాటికి 90 టి.యం.సి.లకు తగ్గింది. పూడిక పడి లోతు తగ్గిన చోట నీళ్లు తొందరగా వేడెక్కుతవి. ఆ పూడికలోనే భాస్వరమూ దాగి ఉంటుంది.

ఇట్లాగే వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్‌ను 1562లో కట్టినారు. 1930 వరకు దాని నీళ్లు జనం తాగినారు. మీలో ఎంతమంది నమ్ముతారు? తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నవి గదా అనే ధీమాతో దానిని గాలికి వదిలినాము. కాలువలు, ఫ్యాక్టరీల నీళ్లు అందులో చేరినవి. హైదరాబాదు కుంటలలో, మూసీలో ఏ పాకురు ఎంత పెరుగుతున్నదో ఉస్మానియా శాస్త్రజ్ఞులు జాఫర్, మునావర్, వెంకటేశ్వర్లు గార్లు 1960, 70 ప్రాంతాల్లోనే లెక్కకట్టి ప్రచురించినారు. మురుగు పెరిగిన కొద్దీ ఏ రకం పాకురు పెరుగుతుందో వారి రాతల్లో ఉన్నది. పాకురు సాక్ష్యం చెప్పింది. వినేవారే తక్కువైనారు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్లకు ఆ గతి పట్టకూడదని 1996 మార్చిలో ప్రభుత్వం 111 నంబరు ఉత్తర్వు ఇచ్చి, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు రాకుండా కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో ఆ కట్టడిని సడలిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. దాని మీద వాదోపవాదాలు ఎన్నో. మన మానేరు చుట్టూ, మన కడెం చుట్టూ ఏ నియమం ఉండాలో మనం కూడా అడగాలి గదా?

బాగుపడ్డ చెరువులూ ఉన్నవి

అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ అనే సరస్సు ఉన్నది. నగరం మురుగంతా అందులో కలిసి అది పచ్చబడింది. ఎడ్మండ్‌సన్ అనే ఆచార్యుడు కారణం వివరించి, మురుగు ఆపితే సరస్సు బాగుపడుతుందని ముందుగానే చెప్పినాడు. ప్రజలు ఓటువేసి, పన్ను కట్టి, 1963 నుంచి 1968 దాకా మురుగు కాలువలను మళ్లించినారు. కొన్ని ఏళ్లలోనే నీళ్లు తేటపడ్డవి. మందు వేయలేదు. తిండి పెట్టడం మానేసినారు, అంతే.

మన పెద్దలకు ఈ రహస్యం మరొక రూపంలో తెలుసు. ఎండకాలంలో చెరువు ఎండితే ఒండ్రుమట్టి తవ్వి బండ్ల మీద పొలాలకు తోలేవారు. పొలంలోంచి కొట్టుకువచ్చిన సారం మళ్లీ పొలానికే పోయేది. చెరువు లోతు పెరిగేది, నీళ్లు తేటగా ఉండేవి, ఎరువు ఖర్చు తగ్గేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి పొలాలకు తోలింది ఆ పాత ఆచారాన్ని అనుసరించే. పొలంలో ఉంటే అన్నం పెట్టే పదార్థమే చెరువులో చేరితే నీళ్లు చెడగొడుతుంది. దేని చోట దాన్ని ఉంచడమే ఇందులోని నేర్పు.

మనం చేయగలిగినవి

చిన్న పనులతోనే మొదలుపెడదాము. పాకురుకు వెలుతురు కావాలి. కాబట్టి మిద్దె మీది ట్యాంకుకు వెలుతురు చొరని గట్టి మూత ఉండాలి, మూడు నాలుగు నెలలకొకసారి లోపల తోమించాలి. అందులో మైలుతుత్తం వంటివి మన చేత్తో వేయకూడదు. రాగిచెంబులో రాత్రి నీళ్లు ఉంచడం కొన్ని క్రిములకు మంచిదే గాని, పాకురు విషానికి అది మందు కాదు. బట్టల పౌడరు చెంచాతో కొలిచి వేయండి. నురుగు ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందనేది మన భ్రమ. పచ్చని తెట్టుకట్టిన నీళ్లలో పిల్లలను ఈతకు దింపవద్దు, పశువులను తాగనివ్వవద్దు.

నల్లా నీళ్లకు మట్టి వాసన, పాచి వాసన వస్తే ఊరుకోవద్దు. ఏ తారీఖున మొదలైందో కేలండరు మీద గుర్తుపెట్టి, వాడకట్టు ఆడవాళ్లు నలుగురు కలిసి సంతకాలు చేసి వాటర్‌వర్క్సు వారికి రాసి ఇవ్వండి. "జలాశయం నీళ్లలో పాకురు పరీక్ష ఎప్పుడు చేసినారు? ఫలితం ఏమిటి?" అని మర్యాదగా అడగండి. అడిగేవారు ఉన్నారని తెలిస్తే పరీక్ష చేసేవారికీ బలం వస్తుంది.

చివరగా ఒక్క మాట. మన బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూలు నీళ్లలో వేస్తే నీళ్లు శుద్ధి అవుతవని పెద్దలు అంటారు. దానిని రుజువు చేసే చదువు నాకు లేదు. అయితే ఒక మేలు మాత్రం నాకు స్పష్టంగా కనపడుతున్నది. ఏడాదికొకసారి ఊరి ఆడవాళ్లందరూ చెరువుగట్టు ఎక్కి, నీళ్ల దగ్గరకు దిగి, ఆ నీళ్ల మొహం చూసేవారు. ఈసారి బతుకమ్మను సాగనంపేటప్పుడు మీరూ ఒక్క నిమిషం ఆగండి. నీళ్లు ఏ రంగులో ఉన్నవో, ఏ వాసన వస్తున్నవో, ఏ మోరీ వచ్చి కలుస్తున్నదో చూడండి. పక్కన మీ బిడ్డ ఉంటే ఆమెకూ చూపించండి. మా అమ్మమ్మ నాకు బిందె మూతికి గుడ్డ కట్టడం నేర్పింది. మనం మన పిల్లలకు చెరువును కనిపెట్టుకుని ఉండడం నేర్పాలి.